సగం నోటికి మత్తు

డెబ్బైల చివర్లో నేను మస్కట్ అవతల సోహార్‌లో ఒక ఆస్పత్రి ఆపరేషన్ థియేటర్లో నర్సుగా పనిచేసేదాన్ని. అప్పటికి నాకు ఇరవై ఏడేళ్ళు. మాది నరసాపురం వైపు. కోస్తా జిల్లాల నుంచి వచ్చిన నర్సులం ఆరుగురం ఆస్పత్రి వెనకాల ఒకే క్వార్టర్సులో ఉండేవాళ్ళం. మా అందరికీ పెద్దదిక్కు కాన్పుల వార్డు సీనియర్ సిస్టరు. గుంటూరు మనిషి, నలభై దాటిన మనిషి. మేమంతా ఆవిడని అక్క అనేవాళ్ళం. ఎవరు ఎప్పుడు తిన్నారు, ఎవరికి జలుబు చేసింది, ఎవరు అక్కడి సెలవురోజైన శుక్రవారం ప్రార్థనకి ఆలస్యంగా వచ్చారు, అన్నీ ఆవిడకి తెలిసేవి. తెలియనిది ఒక్కటే ఉండేది. దాన్ని గురించే ఈ కథంతా.

ఆ ఏడు చలికాలం అయిపోతుండగా నా కింది దవడలో, ఎడమవైపు చివర, జ్ఞానదంతం బయటికి రావడానికి చూసింది. నిటారుగా రాకుండా పక్క పన్ను మీదికి ఒరిగి పడుకుంది. చిగురు వాచి, నోట్లోకి రెండు వేళ్ళు కూడా పట్టకుండా పోయింది. వారం రోజులు జావ, మెత్తగా పిసికిన పెరుగన్నం, పుక్కిలించే ఉప్పునీళ్ళు. వాపు తగ్గాక ఎక్స్‌రే తీసి, మా సర్జన్‌గారు దాన్ని లైటుకి పెట్టి చూసి, "ఇది మా చేతిలో పని కాదు, రూవీలో పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళు" అన్నారు. రూవీ అంటే మస్కట్ పక్కనే. సోహార్ నుంచి తారు రోడ్డు మీద నాలుగు గంటలు. ఆయనే ఒక ఉత్తరం రాసిచ్చారు. అందులో ఆఖరి వాక్యం: పూర్తి మత్తు ఇవ్వాలా, లోకల్ మత్తుతో సరిపెట్టాలా అన్నది మీరూ పేషెంటూ మాట్లాడి తేల్చుకోండి.

ఆ వాక్యం మీద మా క్వార్టర్సులో మూడు రోజులు చర్చ జరిగింది.

అక్క పూర్తి మత్తు పక్షం. "హాయిగా పడుకుంటావు, లేచేసరికి పన్నుండదు. రెండ్రోజులు పక్కనే ఘుబ్రాలో మా పిన్ని కూతురింట్లో ఉండి వద్దాం. నేనూ వస్తాను తోడు" అంది. ఆ పిన్ని కూతురు రొయ్యల వేపుడు ఎలా చేస్తుందో అక్క మాకు ఎన్నోసార్లు చెప్పింది. అందువల్ల ఆవిడ మాటని నేను పూర్తిగా వైద్య సలహాగా తీసుకోలేదు.

"నాకు లోకలే చాలక్కా" అన్నాను.

"దవడ ఎముక తొలుస్తారే. ఆ చప్పుడంతా చెవిలో వినపడుద్ది. నువ్వు కళ్ళు తెరుచుకుని ఆ కుర్చీలో కూచుంటావా?"

"కూచుంటాను."

"ఎందుకే అంత పంతం?"

ఎందుకో చెప్పలేను. చెప్పలేకే ఆ పంతం.

థియేటర్లో పనిచేసేవాళ్ళకి ఒక సంగతి తెలుసు. పూర్తి మత్తులోంచి బయటికి వచ్చేటప్పుడు ఆ పది, పదిహేను నిమిషాలు మనిషి నోటికి తలుపుండదు. కళ్ళు సగం తెరిచి, లోపల ఏముంటే అది మాట్లాడేస్తారు. పేషెంట్లని ఆ సమయంలో కనిపెట్టుకుని ఉండడం నా పని. హెర్నియా ఆపరేషనైన ఒక పెద్దమనిషి మా సర్జన్‌గారి చెయ్యి పట్టుకుని తన చెల్లెల్ని చేసుకోమని బతిమాలాడు. ఒక వంటవాడు తన రూములో అందరూ వెతుకుతున్న ట్రాన్సిస్టర్ రేడియో ఏ పెట్టెలో ఉందో చెప్పేశాడు, అదీ ఆ రేడియో పోగొట్టుకున్నవాడు మంచం పక్కన నిలబడి ఉండగా. మామూలు నిద్రలోనే నేను మాట్లాడతానని మా రూములో అందరూ అంటారు. అలాంటిది మత్తులోంచి లేస్తూ, పక్కనే అక్క కూర్చుని ఉండగా ఏం మాట్లాడతానో నాకు స్పష్టంగా తెలుసు. క్లచ్చు గురించి మాట్లాడతాను.

నేను నాలుగు నెలలుగా అక్కకి తెలియకుండా కారు నడపడం నేర్చుకుంటున్నాను.

నేర్పేది మా ఆస్పత్రి జీపు డ్రైవరు. సోహార్‌లోనే పుట్టి పెరిగిన బలూచీ పెద్దాయన. తెల్ల గడ్డం, భారీ మనిషి, మాతో హిందీలో మాట్లాడేవాడు, నన్ను బేటీ అనేవాడు. ఒకసారి చేపలు కొనడానికి ఆయన సొంత పికప్పులో సముద్రపు ఒడ్డుకి వెళ్ళాం. ఆటు సమయం. తడి ఇసుక బల్లలా గట్టిగా, మైళ్ళ తరబడి ఖాళీగా ఉంది. నేను స్టీరింగు వంక చూస్తున్నానని ఆయన భార్య గమనించింది. ఆవిడ ముఖానికి నల్ల ముసుగు, దాని వెనక కళ్ళు రెండూ నవ్వుతున్నాయి. భర్తతో వాళ్ళ భాషలో ఏదో అంది. ఆయన బండి దిగి ఇటు వచ్చి నిలబడ్డాడు. అంతే. ఆ తర్వాత ప్రతి శుక్రవారం సాయంత్రం చేపల పేరుతో ఒక గంట. ఆవిడ వెనక కూర్చుని ఖర్జూరాలు తింటూ ఉండేది. నేను గేరు మార్చినప్పుడు బండి ఉలిక్కిపడితే ఆవిడ పకపకా నవ్వేది. ఆయన మాత్రం "ఆహిస్తా, బేటీ, ఆహిస్తా" అనేవాడు, మెల్లగా, మెల్లగా అని. నేర్చుకునేవాళ్ళకి ఇచ్చే కాగితం కూడా తీసుకున్నాను. అది నా పర్సు అడుగున, బైబిలు సొసైటీ క్యాలెండరు ముక్కలో చుట్టి ఉండేది.

అక్కకి చెప్పకపోవడానికి కారణం భయమే. మమ్మల్ని ఈ దేశం తీసుకొచ్చేటప్పుడు ఆవిడ అందరి అమ్మలకీ మాటిచ్చింది, కళ్ళలో పెట్టుకుని చూసుకుంటానని. బండి ప్రమాదాల్లో దెబ్బలు తగిలినవాళ్ళు మా ఆస్పత్రికే వచ్చేవాళ్ళు. ఆవిడ దృష్టిలో స్టీరింగు అంటే కట్లు కట్టించుకునే దారి.

అలా లోకల్ మత్తు ఖాయం చేసుకుని, ఒక బుధవారం తెల్లవారుతూనే ఆస్పత్రి జీపులో బయల్దేరాం. ముందు ఆ పెద్దాయన, వెనక నేనూ అక్కా. అక్క దారి పొడుగునా పూర్తి మత్తు గొప్పతనం చెబుతూనే ఉంది. పెద్దాయన అద్దంలోంచి నాకేసి చూసి మళ్ళీ రోడ్డు మీదికి చూపు తిప్పుకునేవాడు. ఇద్దరం దొంగల్లా ఉన్నాం.

రూవీలో పళ్ళ డాక్టరు గది ముందు బెంచీ మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. తలకి తువ్వాలు, కాళ్ళకి సిమెంటు అంటిన బూట్లు. తన బుగ్గని తనే వేలితో పొడుచుకుంటూ ఎంతో ఆశ్చర్యంగా చూసుకుంటున్నాడు. మేం తెలుగు మాట్లాడుకోవడం విని లేచి జరిగాడు.

"కూసోన్రి సిస్టరమ్మ. ఈ చెంప జూడున్రి. గిది నాది గాదు, ఎవలదో తెచ్చి అతికిచ్చిన్రు" అన్నాడు.

అక్క ఫక్కున నవ్వింది. మీదేవూరని అడిగితే కరీంనగర్ దిక్కని, ఇక్కడ బిల్డింగుల పనని చెప్పాడు. ఆయనదీ జ్ఞానదంతమే.

"సూది రెండుసార్లు పొడిపిచ్చుకున్న. డాక్టరమ్మ ముందుగాలనే అడిగింది, రెండు తీర్ల మందులున్నయి, ఏది గావాలె అని. ఒకటేమో శానసేపు పని చేస్తది గని జరసేపు గుండె దడదడ కొట్టుకుంటదట. ఇంకోటేమో ఉత్తది, దడ ఉండదు, జల్ది దిగిపోతది. నేను ఉత్తదే పెట్టుమన్న. సైట్ల మల్ల డ్యూటీ ఉన్నది గద. సగం పన్ను కదిలిందో లేదో మత్తు దిగిపాయె. ఇగ సూస్కోన్రి నా తిప్పలు."

"మరి ఇప్పుడేది పెట్టించుకున్నారు?" అని అడిగాను.

"దడదే. గుండె కొట్టుకుంటే ఏమైతది సిస్టరమ్మ, కొట్టుకునుడే గద దాని డ్యూటీ."

లోపలి నుంచి పిలుపొచ్చి ఆయన వెళ్ళాడు. పావుగంటలో దూది కొరుక్కుంటూ బయటికొచ్చి, మాకు చెయ్యెత్తి చూపించి, ఆ బూట్లతో టకటకా నడిచి వెళ్ళిపోయాడు. సెలవిచ్చింది ఒక్కపూటేనట.

డాక్టరుగారు బొంబాయి ఆవిడ. అరవైకి దగ్గర పడుతున్న మనిషి, బాగా పొట్టి. కుర్చీ పక్కన ఒక చెక్కపీట వేసుకుని దాని మీద నిలబడి పని చేసేది. హిందీ, ఇంగ్లీషు కలిపి గడగడా మాట్లాడేది. నా ఉత్తరం చదివి, ఎక్స్‌రే చూసి, నాడి పట్టుకుని, గుండె జబ్బు, రక్తపోటు, థైరాయిడ్, మందులు పడకపోవడం, అన్నీ అడిగింది. ఏవీ లేవన్నాను.

"పూర్తి మత్తు కావాలంటే రేపు పెద్దాస్పత్రి థియేటర్లో చేద్దాం. ఒకరోజు ఉండాలి. లోకలైతే ఇప్పుడే, ఇక్కడే."

"లోకల్."

"భయం లేదా?"

"ఉంది. అయినా లోకలే."

ఆవిడ రెండు డబ్బాలు తెచ్చి నా ముందు పెట్టింది. రెండింటిలోనూ లిగ్నోకెయిన్ అనే మత్తుమందే. ఒకదాంట్లో అడ్రినలిన్ కలిపి ఉంది, ఇంకోదాంట్లో లేదు. మా థియేటర్లో ఈ మందుని నేను వందలసార్లు సిరంజిలోకి ఎక్కించి డాక్టర్ల చేతికిచ్చాను. అడ్రినలిన్ రక్తనాళాల్ని ముడుచుకునేలా చేస్తుంది. మందు అక్కడే నిలబడుతుంది, రక్తం తక్కువ కారుతుంది, మత్తు చాలాసేపు ఉంటుంది. ఇదంతా పరీక్షలో రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. అయినా ఇప్పుడు ఆ రెండు డబ్బాలూ నా నోటి కోసమే ఎదురు చూస్తుంటే, చీరల కొట్లో కూర్చున్నట్టు ఒకటి ఎత్తి చూసి, దించి, ఇంకోటి ఎత్తి చూశాను. ఎంత శాతం, ఎంత మోతాదు, గడువు తేదీ ఎప్పుడు, అన్నీ చదివాను.

"థియేటర్ నర్సుల కన్నా కష్టమైన పేషెంట్లు ఉండరు" అందావిడ. "నువ్వు సోహార్ దాకా వెళ్ళాలి. ఉత్త మందైతే దారి మొదట్లోనే నొప్పి మొదలవుతుంది. ఇదైతే పెదవికీ నాలుకకీ మూడు, నాలుగు గంటలు తెలివి రాదు. పది నిమిషాలు గుండె పరిగెడుతుంది, అంతే."

బెంచీ మీది మనిషి మాట గుర్తొచ్చి, "దడదే పెట్టండి" అన్నాను.

అక్క నా భుజం తట్టి, ఆ పక్క ఆస్పత్రి కాన్పుల వార్డులో తనకి తెలిసిన సిస్టరుని పలకరించి వస్తానని వెళ్ళింది. కాన్పుల వార్డు ఎక్కడున్నా ఆవిడ కాళ్ళు అటే వెళ్ళేవి.

సూది దవడ వెనక్కంటా దిగింది. నొప్పి ఒక్క క్షణమే. మందు ఎక్కించేముందు రక్తనాళంలో పడలేదు కదా అని పిస్టన్ వెనక్కి లాగి చూశారా అని అడగబోయాను, నోట్లో ఆవిడ వేళ్ళు ఉన్నాయి. "చూశాను, చూశాను" అందావిడ నా కళ్ళు చూసి.

ఇంతలో గుండె బయల్దేరింది. చెప్పి పెట్టిన సంగతే అయినా దాని హడావిడి దానిదే. కుర్చీ నేల నుంచి జానెడు పైకి లేచినట్టు, గోడ మీది పళ్ళ బొమ్మ నాకేసి నవ్వుతున్నట్టు అనిపించింది. తడి ఇసుక మీద మొదటిసారి మూడో గేరు పడినప్పుడు ఇలాగే అయింది నాకు. భయపడాల్సిన చోట నవ్వొచ్చింది. ఊరికే, ఏ కారణం లేకుండా, కుర్చీలో పడుకుని నవ్వాను. డాక్టరుగారు మణికట్టు పట్టుకుని గడియారం చూస్తూ, "నవ్వు, నవ్వు, మంచిదే" అంది. నెమ్మదిగా దడ తగ్గింది. నవ్వు మాత్రం మిగిలింది. తర్వాత ఎడమ పెదవి అంచు చీమలు పాకినట్టు జివ్వుమని, మందంగా అయి, ఆపైన లేకుండానే పోయింది. నాలుక సగం పోయింది. ఆవిడ చిగురు మీద మొనతో గుచ్చి, తెలుస్తోందా అంది. తెలియలేదు. నాకు ఎంత గర్వం వేసిందంటే, ఆ మందుని నేనే కనిపెట్టినట్టు.

పని మొదలయ్యాక చిక్కొచ్చింది. కుర్చీకున్న దీపం కొమ్మ కీలు వదులై, దీపం కిందికి వాలిపోతోంది. సహాయం చేసే అమ్మాయి రెండు చేతులూ నా నోట్లోని నీళ్ళు లాగే గొట్టంతో తీరిక లేకుండా ఉన్నాయి. డాక్టరుగారు తలుపు వైపు చూసి, "ఎవరైనా ఈ దీపం పట్టుకోండి" అంది. గుమ్మం దగ్గర కూర్చున్న మా పెద్దాయన లేచి వచ్చాడు. గంభీరంగా దీపం పట్టుకుని నిలబడ్డాడు. నేను ఒక కన్నుతో ఆయన గడ్డాన్ని చూస్తున్నాను.

అక్క చెప్పిన చప్పుడు నిజంగానే పుర్రెలో వినిపించింది, పక్కింట్లో ఎవరో గోడకి మేకు కొడుతున్నట్టు. నొప్పి లేదు. పన్నుని రెండు ముక్కలుగా కోసి, డాక్టరుగారు పీట మీద మునివేళ్ళ మీద లేచి, ఒక్క తోపు తోసింది. టక్కుమంది. ఎర్రటి ముక్కని లైటులో పైకెత్తి చూపించి, "ఇదిగో" అంది.

దీపం ఊగింది. గడ్డం నా కంటి ముందు నుంచి మాయమైంది. గదిలో బస్తా పడ్డ చప్పుడు.

ఆపైన నన్ను పట్టించుకున్నవాళ్ళు లేరు. డాక్టరుగారు పీట దిగి ఆయన దగ్గరికి పరిగెత్తింది, ఆ అమ్మాయి గొట్టం వదిలేసి పరిగెత్తింది. నేను నోరు తెరుచుకుని, ఆప్రాన్ మీద రక్తం చుక్కలతో, లేచి కూర్చున్నాను. నర్సు బుద్ధి ఊరుకోదు కదా. దిగి వెళ్ళి, డాక్టరుగారి చెక్కపీట జరిపి, ఆయన కాళ్ళు రెండూ దాని మీదికి ఎత్తి పెట్టాను. అంత భారీ మనిషి, ఏళ్ళ తరబడి ఆస్పత్రి జీపు నడుపుతున్నవాడు, ఒక పన్నుకి పడిపోయాడు. నాకు నవ్వాగలేదు. నవ్వితే ముఖంలో కుడిసగమే కదులుతోంది.

డాక్టరుగారు నన్ను మళ్ళీ కుర్చీలోకి తోసి, మిగిలిన ముక్క తీసి, మూడు కుట్లు వేసి, మడత గాజుగుడ్డ కొరికించి, "గంటసేపు మాట్లాడకు" అంది. పడేటప్పుడు ఆయన కుడి చెయ్యి ఒంటి కింద పడి మణికట్టు బెణికింది. ఎముక విరగలేదని తేల్చి పట్టీ చుట్టారు.

సరిగ్గా అప్పుడు అక్క వచ్చింది. గుమ్మంలో ఆగి చూసింది. నేల మీద దిండు పెట్టుకుని పడుకున్న డ్రైవరు, చేతికి కట్టు. పక్కన నిలబడి ఆయనకి విసురుతున్న నేను.

"పన్ను ఎవరిది పీకారే?" అంది.

నేను నా దవడ చూపించాను. జరిగింది డాక్టరుగారు చెప్పింది. అక్క నుదురు కొట్టుకుని, "బాగానే ఉంది. మరిప్పుడు జీపు ఎవరు తోల్తారు? రేపు పొద్దున్నే నాకు డ్యూటీ. కవలలున్న అమ్మాయి రోజులు దగ్గరపడి ఉంది వార్డులో" అంది. ఇక్కడి బళ్ళలో గేరు కర్ర కుడి చేతికి ఉంటుంది. ఆయన కుడి చెయ్యి గాజుగుడ్డలో ఉంది.

ఈలోగా ఒకసారి లేవబోయి మళ్ళీ సొమ్మసిల్లిన పెద్దాయన కళ్ళు తెరిచాడు. ఇంకా పూర్తిగా తేరుకోలేదు. పైకప్పు కేసి చూస్తూ, ఎంతో శాంతంగా, "గాడీ బేటీ చలాయేగీ. హర్ జుమ్మా చలాతీ హై" అన్నాడు. బండి అమ్మాయి నడుపుతుంది, ప్రతి శుక్రవారం నడుపుతోందిగా అని.

అక్కకి హిందీ నాకన్నా బాగా వచ్చు.

మత్తులో నోరు జారకూడదని నేను మూడు రోజులు వాదించి, చప్పుడు వినడానికి సిద్ధపడి, మందు డబ్బాలు చదివి ఎంచుకున్నాను. నాకు పూర్తి తెలివి ఉంది. తెలివి తప్పినవాడు ఆయన, ఆ తప్పిన తెలివిలోంచి లేస్తూ నా సంగతి చెప్పేశాడు. ఇంత జాగ్రత్తపడ్డ నేను నోట్లో గుడ్డ కొరుక్కుని, సగం నాలుకతో, ఒక్క మాట బదులు చెప్పలేక నిలబడ్డాను.

"ఏంటే ఈయన అనేది?" అంది అక్క.

"ఊఁ" అన్నాను.

"ఊఁ ఏంటే? అవునా, కాదా?"

"ఊఁ."

ఇక దాచి లాభం లేదని పర్సులోంచి కాగితం తీసి చేతికిచ్చాను. అక్క దాన్ని దూరంగా పట్టుకుని చదివింది. నా ఫోటో దగ్గర ఆగింది.

"నా గులాబీరంగు చీర కట్టుకుని దిగావు ఫోటో" అంది.

నిజమే. పండక్కని అడిగి తీసుకున్నాను. ఆవిడ ముఖం చూసి ఏడుపు రావాల్సింది. కానీ ఆ మందు పుణ్యమో, పన్ను పోయిన తేలికో, మళ్ళీ కుడి సగం నవ్వేసింది. అది చూసి డాక్టరుగారు నవ్వింది. ఆవిడని చూసి ఆ అమ్మాయి. అక్క మాత్రం నవ్వలేదు. నవ్వాపుకోవడానికి పెదవులు బిగించిందని నాకు తెలుసు.

"ఇది బండి తోలే స్థితిలోనే ఉందా?" అని డాక్టరుగారిని అడిగింది.

"పూర్తి మత్తు ఇచ్చి ఉంటే రేపటిదాకా సైకిలు కూడా తొక్కనిచ్చేదాన్ని కాదు. ఇచ్చింది లోకల్ ఒక్కటే, నిద్రమందు చుక్క ఇవ్వలేదు. గంటసేపు ఇక్కడే కూర్చోనివ్వండి. అప్పుడు తల తిరగకుండా, రక్తం ఆగి ఉంటే వెళ్ళొచ్చు. ఆయన పక్కన కూర్చోవాలి."

అక్క అంతటితో ఊరుకోక, సోహార్‌లో మా సూపరింటెండెంటుకి ఫోన్ చేసి అనుమతి తీసుకుంది. ఆయన ముందు జీపు గురించి, తర్వాత డ్రైవరు గురించి, ఆఖర్న నా పన్ను గురించి అడిగాడట.

గంట తర్వాత బయటికొచ్చి డ్రైవరు సీట్లో కూర్చున్నాను. ఆస్పత్రి జీపు అదే మొదటిసారి. పికప్పు కన్నా ఎత్తుగా, క్లచ్చు రాయిలా ఉంది. పెద్దాయన పక్కన కూర్చుని కట్టు కట్టిన చేతిని ఒళ్ళో పసిపిల్లలా పెట్టుకున్నాడు. అక్క వెనక కూర్చుని కళ్ళు మూసుకుని పైకే ప్రార్థన చేసింది. అందులో నా పేరు, డ్రైవరు పేరు, ఎదురుగా రాబోయే వాళ్ళందరి క్షేమం ఉన్నాయి. మొదటిసారి బండి గుర్రుమని ఆగిపోయింది. అక్క ఆమెన్ చెప్పకుండా ప్రార్థన పొడిగించింది. రెండోసారి కదిలింది.

రూవీ రౌండబౌట్లు ఎలా దాటానో నాకిప్పటికీ సరిగా గుర్తులేదు. "ఆహిస్తా" అన్న మాట చాలాసార్లు వినపడింది. ఒక లారీవాడు నన్ను చూసి, మళ్ళీ చూసి, దారి ఇచ్చాడు. ఘుబ్రా మలుపు దగ్గర అక్క రొయ్యల వేపుడు తలుచుకుని ఒకసారి నిట్టూర్చింది. ఆ తర్వాత రోడ్డు విచ్చుకుంది. ఎడమవైపు దూరంగా కొండలు, కుడివైపు ఖర్జూరపు తోటలు, వాటి వెనక సముద్రం, మధ్యలో నల్లగా మెరిసే తిన్నని తారు. నాలుగో గేరు వేశాను. ఇసుక మీద ఎప్పుడూ నాలుగు దాకా వెళ్ళలేదు. జీపు ఊపిరి పీల్చుకున్నట్టు ఒక్కసారి నిశ్శబ్దమై జారిపోయింది. నాకు పాడాలనిపించింది. నోట్లో గుడ్డ ఉండడం వల్ల "ఊఁ ఊఁ" అని రాగం తీశాను.

"నొప్పా?" అంది అక్క కంగారుగా.

తల అడ్డంగా ఊపాను. పెద్దాయన, "ఖుష్ హై" అన్నాడు, సంతోషంగా ఉందట అని.

అద్దంలో నా ముఖం చూసుకున్నాను. కుడివైపు నవ్వుతోంది. ఎడమవైపు చావింట్లో కూర్చున్నట్టుంది. ఆ మూల నుంచి చొంగ కారుతోంది, నాకు తెలియడం లేదు. అక్క వెనక నుంచి ముందుకి వంగి చేతిరుమాలుతో నా గడ్డం తుడిచింది. ఇంకాసేపటికి మళ్ళీ తుడిచింది. అలా బర్కా దాకా ఆవిడ ప్రతి రెండు మైళ్ళకీ ఒకసారి తుడుస్తూనే ఉంది, తిడుతూనే ఉంది.

"నాలుగు నెలలు. చేపలు తెస్తానంటూ ఇదా నువ్వు చేసేది? ఏదన్నా అయితే మీ అమ్మకి నేనేం చెప్పాలి? ఎదర చూడు, నన్ను చూడకు. ఆ మేకలు, ఆ మేకలు."

మేకల మంద దాటించాను. ఒక వాగు దగ్గర రోడ్డు కిందికి దిగి మళ్ళీ ఎత్తుగా ఎక్కుతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు బండి మొరాయించింది. గేరు తగ్గించడానికి తడబడ్డాను. వెనక నుంచి అక్క తనకి తెలియకుండానే కాన్పుల వార్డు గొంతు తీసింది. "కంగారుపడకమ్మా. ఊపిరి తీసుకో. తొందరేం లేదు. ఇప్పుడు ఒక్క బలం పెట్టు. అదీ. ఇంకొంచెం. అయిపోయింది, అయిపోయింది, బంగారు తల్లి." గేరు పడింది, జీపు పైకొచ్చింది. ముగ్గురం ఒకేసారి ఊపిరి వదిలాం. అప్పుడు నవ్వింది అక్క. పగలబడి, సీటు మీద వాలిపోయి, కళ్ళనీళ్ళు పెట్టుకుని నవ్వింది. పెద్దాయనకి ఒక్క మాట అర్థం కాలేదు, అయినా గడ్డం ఊగేలా నవ్వాడు.

ఖాబూరా దగ్గర టీ కొట్టు కనిపించి ఆపాం. నాకు చల్లటి నీళ్ళు, వాళ్ళకి టీ. గుడ్డ తీసి పారేసి చూస్తే రక్తం మళ్ళీ కారలేదు. మొదటి మాట ప్రయత్నించాను. "అగ్గా, గోపంగా?" అని వచ్చింది. కోపమా అని నా ఉద్దేశం.

"కోపమే" అంది అక్క. టీ తాగింది. గ్లాసు పక్కన పెట్టింది. "ఎట్టుంటదే, తోలుతుంటే?"

చెప్పడానికి నాకు సగం నోరే ఉంది. చేతులతో చూపించాను, ఏదో విమానంలా. ఆవిడ లేచి వెళ్ళి, ఎవరూ చూడనట్టు, ఆగి ఉన్న జీపులో డ్రైవరు సీట్లో కూర్చుంది. స్టీరింగు మీద చేతులు వేసింది. కాసేపు రోడ్డు వైపు చూసింది. తర్వాత దిగి, చీర దులుపుకుని, మామూలుగా వచ్చి వెనక సీట్లో కూర్చుంది.

అక్కడి నుంచి పెదవిలో చీమలు తిరిగొచ్చాయి. సహమ్ దాటేసరికి నాలుక దొరికింది. దాంతో పాటు నొప్పీ దొరికింది, పంటి గుంటలో ఎవరో నిప్పు రవ్వ వేసినట్టు. ఈ లోగా తెలియక నా పెదవిని నేనే కొరుక్కున్నానని కూడా అప్పుడే తెలిసింది. డాక్టరుగారిచ్చిన మాత్ర వేసుకున్నాను. సాయంత్రం ఎండ పల్చబడుతుండగా ఆస్పత్రి గేటులోకి జీపు తిప్పాను. మా క్వార్టర్సు అమ్మాయిలు వరండాలో నిలబడి చూస్తున్నారు. నేను దిగింది డ్రైవరు సీట్లోంచి. అక్కే ముందు మాట్లాడింది. "దీనికి జావ కాయండి. చల్లార్చి ఇవ్వండి. ఇంకేం అడగొద్దు, ఇది ఇప్పుడు మాట్లాడకూడదు."

మూడు రోజులు బుగ్గ గుమ్మడికాయలా వాచింది. ఏడో రోజు కుట్లు విప్పారు. పెద్దాయన చెయ్యి రెండు వారాల్లో కుదురుకుంది. ఆ రెండు వారాలూ, ఊరి బయట డిస్పెన్సరీకి మందులు తీసుకెళ్ళే పని పడితే, ఆయన పక్కన కూర్చునేవాడు, నేను నడిపేదాన్ని. వేసవి రాకముందే లైసెన్సు పరీక్ష పాసయ్యాను. పోలీసాయన నన్ను వెనక్కి నడపమన్నాడొకసారి, ముందుకి నడపమన్నాడొకసారి, అంతే.

అక్క నేర్చుకుంటానని రెండు నెలల తర్వాత అంది. అందరి ముందూ, అన్నం తింటూ అంది. ఆవిడకి పెద్దాయన దగ్గర పది పాఠాలు పట్టాయి పికప్పు కదిలించడానికి. పరీక్ష రెండుసార్లు తప్పింది. మూడోసారి పాసైన వారం, కొండల్లో వాన పడి బురైమీ రోడ్డు పక్క వాగు పారుతోందని తెలిసి, ఆరుగురం ఆ పికప్పు అడిగి తీసుకుని బయల్దేరాం. పోయేటప్పుడు నేను, వచ్చేటప్పుడు అక్క. వాగులో నీళ్ళు మోకాళ్ళ దాకా, చల్లగా, రాళ్ళ మధ్య గలగలమంటూ ఉన్నాయి. చీర కుచ్చిళ్ళు ఎగ్గట్టి అందరం నీళ్ళలో నిలబడి, తెచ్చుకున్న పులిహోర తిన్నాం.